చావింటికి వెళ్ళాక ఏం చెయ్యాలి: పనులు మీరు తీసుకోండి, నిర్ణయాలు వాళ్ళకి వదలండి

మనిషి పోయిన ఇంటికి మన దగ్గర జనం రాకుండా ఉండరు. కబురు తెలిసిన గంటలో వీధంతా వాకిట్లో ఉంటుంది, చీకటి పడేలోపు ఊళ్ళ నుంచి చుట్టాలు దిగిపోతారు, ఈ విషయంలో మనవాళ్ళకి వంక పెట్టడానికి లేదు. వచ్చాక ఏం చెయ్యాలన్న దగ్గరే వస్తుంది తేడా అంతా. నేను చూసిన చాలా ఇళ్ళల్లో పాలు తేవడం, గ్యాస్ బండ బుక్ చెయ్యడం, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందించడం, బ్యాంక్ చుట్టూ తిరగడం ఇవన్నీ ఏడుస్తున్న ఆ ఇంటివాళ్ళే చేసుకుంటుంటారు, కానీ భర్త పోయినావిడ బొట్టు పెట్టుకోవాలా వద్దా, ఇకమీదట ఏ కొడుకు దగ్గర ఉండాలి, పొలం కౌలుకివ్వాలా అమ్మెయ్యాలా, పిల్ల చదువు ఏం చెయ్యాలి ఇలాంటివన్నీ మాత్రం వచ్చిన చుట్టాలు కుర్చీల్లో కూర్చుని తేల్చేస్తుంటారు. ఇది పూర్తిగా తిరగబడాలి. పనులు మీరు తీసుకోండి, నిర్ణయాలు వాళ్ళకి వదిలెయ్యండి. కింద రాసినవన్నీ దీని చుట్టూనే ఉంటాయి. ఎక్కువగా ఇంటి పెద్ద, అంటే భర్తో తండ్రో పోయిన మామూలు కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, మీ ఇంటి ఆచారాన్ని బట్టి మార్చుకోండి.

మొదటి కొన్ని గంటలు

ముందు ఒక మనిషి ఫోన్ల పని పట్టుకోవాలి. ఎవరెవరికి చెప్పాలో ఇంటివాళ్ళని అడిగి కాగితం మీద రాసుకుని పక్క గదిలో కూర్చుని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోవాలి. పిల్లల్లో ఎవరైనా బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటే వాళ్ళకి తెలిసేలోపు వాట్సాప్ స్టేటస్‌లో దండేసిన ఫొటో పెట్టకండి దయచేసి, తండ్రి పోయిన సంగతి కూతురు ఎవరో కజిన్ స్టేటస్ చూసి తెలుసుకోవడం ఉంది చూశారూ, అది ఎన్నేళ్ళయినా మానదు. బండి నడుపుతున్నవాళ్ళకైతే ముందు బండి పక్కన ఆపమని చెప్పి అప్పుడు విషయం చెప్పండి, వాళ్ళని తీసుకురావడానికి ఇంకొకళ్ళని పంపించండి.

హాస్పిటల్లో పోతే అక్కడి నుంచి కదిలేలోపు ఒకళ్ళు ఓపిగ్గా చూసుకోవాల్సింది కాగితాలు. చనిపోయిన కారణం రాసిచ్చే డాక్టర్ సర్టిఫికెట్, కేస్ షీట్ సమ్మరీ, బిల్లులు అన్నీ తీసుకోండి, పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఉందా చూడండి, ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాకి తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు నెలలు తిప్పుతారు. ప్రభుత్వాసుపత్రి అయితే ఇంటికి చేర్చడానికి ఆంధ్రాలో మహాప్రస్థానం, తెలంగాణలో పార్థివ పేరుతో ఉచిత వాహనాలున్నాయి, అక్కడే అడగాలి, బయట అంబులెన్స్ వాళ్ళు అడిగినంతా ఇచ్చే ముందు ఈ మాట కనుక్కోండి. యాక్సిడెంట్ అయితే పోలీసులు, పంచనామా, పోస్టుమార్టం తప్పవు. మార్చురీ బయట ఆ ఇంటి కొడుకుని ఒక్కణ్ణే కూర్చోబెట్టకండి, ఇద్దరు మగ్గాళ్ళు తోడుండి సంతకాలు పెట్టే ముందు కాగితం చదివి వినిపించండి, ఎఫ్ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్ట్ రెండూ తర్వాత ప్రతి చోటా అడుగుతారు. గుద్దిన బండి ఎవరిదో తెలీకుండా పారిపోతే కూడా కుటుంబానికి 2 లక్షల పరిహారం వచ్చే స్కీమ్ 2022 ఏప్రిల్ నుంచి ఉంది, చాలామందికి ఇది తెలీదు.

కళ్ళు ఇచ్చే ఉద్దేశం ఆయనకి ఉందని మీకు తెలిస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఇంటివాళ్ళకి నెమ్మదిగా గుర్తు చెయ్యండి, ఆరు గంటల్లోపే తీసుకోవాలి. ఐ బ్యాంక్ వాళ్ళు ఇంటికే వస్తారు, హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ లాంటి చోట్ల ఐ బ్యాంక్ ఉంది, కళ్ళద్దాలున్నా శుక్లాల ఆపరేషన్ అయినా ఫరవాలేదు. వాళ్ళొచ్చేదాకా కనురెప్పలు మూసి తడి దూది పెట్టి తల కింద దిండు పెట్టి పైన ఫ్యాన్ ఆపెయ్యండి, అంతే. గుర్తు చెయ్యడం మీ పని, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం వాళ్ళిష్టం, వద్దంటే రెండోసారి అడగొద్దు.

ఇక విదేశాల్లో ఉన్న పిల్లల సంగతి. ఈ రోజుల్లో ప్రతి వీధిలోనూ ఇది వస్తోంది. ఎప్పటిదాకా ఆపాలి అన్న మాట దగ్గర చుట్టాల్లో గొడవ మొదలవుతుంది, పెద్దాయన్ని ఎన్నాళ్ళు అలా ఐసుపెట్టెలో ఉంచుతారర్రా అని ఒకళ్ళు, కొడుకు చూడకుండా ఎలా అని ఇంకొకళ్ళు. అది తేల్చాల్సింది భార్య, పిల్లలు. మీరు చెయ్యాల్సింది ఏంటంటే ఫ్రీజర్ బాక్స్ ఎక్కడ దొరుకుతుంది, కరెంట్ పోతే ఏంటి, ఫ్లైట్ హైదరాబాద్‌కి ఎన్నింటికి, అక్కడి నుంచి ఊరికి ఎన్ని గంటలు ఇవి కనుక్కుని వాళ్ళ ముందు పెట్టడం. రాలేకపోతే వీడియో కాల్ పని కంగారు పడని మనిషికి అప్పజెప్పండి, పవర్ బ్యాంక్ పెట్టుకుని ఊరికే జనాన్ని చూపించకుండా తండ్రి మొహం, అమ్మ ఎక్కడుందో అది చూపించాలి, అవతల ఏడుస్తుంటే కాల్ కట్ చెయ్యకూడదు. ఇంకో మాట, కాల్ అయిపోయాక ఆ పిల్లాడు అక్కడ నాలుగు గోడల మధ్య ఒక్కడే ఉంటాడు, ఆ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు ఎవరికైనా ఫోన్ చేసి అన్నం పట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళమని చెప్పండి. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం కాబట్టి అక్కడి ఒంటరితనం మనకి తట్టదు.

పాడె, కుండ, పంతులుగారు, షామియానా, కుర్చీలు, వాటర్ క్యాన్లు వీటికి ఊళ్ళో తెలిసినవాళ్ళు ఎప్పుడూ ఉంటారు కాబట్టి వాటి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. కొరివి ఎవరు పెట్టాలన్నది మాత్రం ఇంటివాళ్ళ మాటే. కొడుకుల్లేని ఇంట్లో కూతురు నేను పెడతానంటే ఆ పిల్ల పక్కన నిలబడండి, అన్నదమ్ముల కొడుకుని ఎక్కణ్ణించో పిలిపించి ముందుకి తోసెయ్యకండి.

లోపల కూర్చున్నప్పుడు మాట ఎలా ఉండాలి

ఏం మాట్లాడాలో తెలీక చాలామంది అడిగేది ఒకటే ప్రశ్న, ఎలా జరిగింది? ప్రేమతోనే అడుగుతారు కానీ ఆవిడ పొద్దున్నుంచి ఆ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో ఆలోచించండి, వచ్చిన ప్రతి గుంపుకీ బాత్రూంలో పడటం దగ్గర్నుంచి అంబులెన్స్ దాకా మళ్ళీ మొదలు. మా వీధిలో ఒకాయన గుండెపోటుతో పోయినప్పుడు ఆయన తోడల్లుడు గేటు పక్కన కుర్చీ వేసుక్కూర్చుని వచ్చినవాళ్ళందరికీ తనే నాలుగు ముక్కల్లో చెప్పి "లోపల మా మరదల్ని మళ్ళీ అడక్కండమ్మా, దాని పక్కన కూర్చోండి చాలు" అని పంపించాడు. రెండ్రోజులు అదే పని చేశాడు ఆయన, మంచినీళ్ళ బాటిల్ పక్కన పెట్టుకుని. ఆ ఇంటికి అంతకన్నా పెద్ద సాయం ఎవరూ చెయ్యలేదని నాకనిపిస్తుంది. మీ వాళ్ళింట్లో ఇలాంటిది జరిగితే ఆ కుర్చీ మీరు వేసుకోండి.

కొన్ని మాటలు నోటి చివర దాకా వస్తాయి, మింగెయ్యండి. ఊరుకో ఏడవకు అనొద్దు, ఏడవనివ్వండి. పోయినవాళ్ళతో మనమూ పోతామా, నువ్వే ఇలా అయితే పిల్లల గతేంటి, మగాడివి నువ్వేంట్రా, ఆయుష్షు అంతే రాసిపెట్టుంది, పెద్ద వయసేగా మంచి చావు ఇవన్నీ మనకి ధైర్యం చెప్పినట్టు ఉంటాయి, వినేవాళ్ళకి నోరు నొక్కినట్టు ఉంటుంది. ఎనభై ఏళ్ళ తల్లయినా కూతురికి తల్లే. అన్నిటికన్నా ఘోరమైనది ఆ హాస్పిటల్ కాకుండా ఇంకో హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సింది అన్న మాట, నెప్పి వచ్చినప్పుడే ఎందుకు తీసుకెళ్ళలేదు అన్న మాట. ఆ ఇంట్లో ప్రతి ఒక్కళ్ళూ ఆ ప్రశ్న తమని తాము అడుక్కుంటూనే ఉంటారు, మనం బయట నుంచి ఇంకోసారి అడిగితే జీవితాంతం మోస్తారు. ఎవరైనా ఆత్మహత్య చేసుకున్న ఇంట్లోనైతే కారణం అసలు అడగొద్దు, గుసగుసలు వద్దు, మామూలుగా ఎలా వెళ్తామో అలాగే వెళ్ళి అలాగే కూర్చోవాలి.

మరి ఏం మాట్లాడాలి అంటే, పోయిన మనిషి గురించి మాట్లాడండి. పేరు పెట్టి, వరసపెట్టి మాట్లాడండి. "బాబాయ్ మా పెళ్ళిలో వంటల దగ్గర రాత్రంతా నిలబడ్డాడు పిన్నీ, నేనెప్పుడూ మర్చిపోను" ఇలాంటి ఒక్క నిజమైన సంగతి చాలు, ఆయన పిల్లలకి తెలీని సంగతి అయితే ఇంకా మంచిది, ఏడుస్తూనే అవునా అని తలెత్తి వింటారు. చెప్పడానికి ఏమీ లేకపోతే పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి. ఎక్కువసేపు ఉండక్కర్లేదు. లేచేటప్పుడు వెళ్ళొస్తాం అనకుండా లేవడం మనకి అలవాటేగా, అలాగే లేచి వచ్చెయ్యండి. వాళ్ళ ఎదురుగా కూర్చుని రియల్ ఎస్టేట్, పెళ్ళి సంబంధాలు, ఎలక్షన్లు మాట్లాడుకునేవాళ్ళని మాత్రం కాస్త బయట షామియానా కిందకి తీసుకుపోండి.

ముస్లిం స్నేహితుల ఇంట్లో అయితే ఖననం తొందరగా, వీలైతే అదే రోజు అయిపోతుంది కాబట్టి సాయంత్రం వెళ్దాంలే అనుకోకండి, తెలిసిన వెంటనే బయల్దేరండి, తర్వాత భర్త పోయినావిడ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో, అంటే ఇంటిపట్టునే ఉండే సంతాప గడువులో ఉంటారు, బయట పనులకి ఎవరైనా కావాలి వాళ్ళకి. క్రైస్తవుల ఇళ్ళల్లో సమాధి కార్యక్రమం అయ్యాక ఆదరణ కూడిక అని ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన పెడతారు, పిలిచారంటే దానికి వెళ్ళడం వాళ్ళు చాలా గుర్తు పెట్టుకుంటారు.

తిండి, మందులు

మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి అన్నం బయట నుంచే రావాలి, ఇది మనవాళ్ళందరికీ తెలిసిందే. తెలీనిదల్లా ఎవరు ఏ పూట అన్నది. మొదటి రోజు నాలుగిళ్ళ నుంచి ఉప్మా వచ్చి పారబోస్తారు, ఐదో రోజు ఎవరూ తేరు. ఒకళ్ళు ముందుకొచ్చి పూటలు పంచండి, సోమవారం పొద్దున మేం, రాత్రి ఎదురింటి వాళ్ళు అని. తెచ్చే ముందు ఇంట్లో పెద్దావిడని అడగండి, మైల రోజుల్లో కొన్ని ఇళ్ళల్లో తాళింపు వెయ్యరు, కొన్ని ఇళ్ళల్లో ఉల్లి వెల్లుల్లి తినరు, కర్మ చేసే అబ్బాయి ఒంటిపూట భోజనం మీద ఉండొచ్చు. అన్నం, ముద్దపప్పు, చారు, పెరుగు ఉంటే ఎవరికైనా గొంతు దిగుతుంది. గిన్నెల మీద పేరు రాసి ఇవ్వండి, లేదా తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బాల్లో ఇవ్వండి, ఏ గిన్నె ఎవరిదో వెతుక్కునే పని వాళ్ళకి పెట్టొద్దు.

మందుల సంగతి అందరూ మర్చిపోతారు. బీపీ షుగర్ ఉన్న ఆవిడ రెండ్రోజులు తిండి లేకుండా ఏడుస్తూ మాత్ర మాత్రం వేసుకుంటే షుగర్ పడిపోయి కళ్ళు తిరిగి పడిపోతారు, అసలు వేసుకోకపోతే ఇంకో ప్రమాదం. కూతురో కోడలో తెలిసినవాళ్ళు ఆ మందుల డబ్బా తమ దగ్గర పెట్టుకుని, ముందు నాలుగు ముద్దలు తినిపించి అప్పుడు మాత్ర ఇవ్వాలి. తినను అంటే మజ్జిగ, పల్చటి జావ. ఏడ్చి ఏడ్చి నిద్రలేకుండా ఉన్న మనిషిని మధ్యాహ్నం ఒక గంట గది తలుపు వేసి పడుకోనివ్వండి, బయట వచ్చినవాళ్ళకి మీరు సర్ది చెప్పండి, ఇప్పుడే కళ్ళు మూసుకుంది అత్తయ్యా, కాసేపాగి లేపుతా అని.

బొట్టు, గాజులు

దీని గురించి నేను గట్టిగా చెప్తాను. పదో రోజో పదకొండో రోజో తెల్లారకుండా ఆవిణ్ణి లేపి, నిండుగా పూలు పెట్టి గాజులేసి, మళ్ళీ అందరి ముందూ అవి పగలగొట్టి బొట్టు చెరిపేసే తంతు ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో జరుగుతోంది. చేసేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళకీ జరిగిందే ఇది, ఆచారం తప్పితే ఇంటికి కీడని భయం. కానీ భర్త పోయిన దుఃఖం మీద ఇది ఇంకో దెబ్బ, చాలామంది ఆడవాళ్ళు చెప్పేది చావు రోజు కన్నా ఆ పదో రోజు గుర్తొస్తేనే ఒళ్ళు జలదరిస్తుందని. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు, అంత వ్యతిరేకతలో. మనం ఇన్నేళ్ళ తర్వాత కనీసం గాజులుంచుకుంటావా అమ్మా అని అడగలేమా. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామం 2022లో ఈ తంతుల్ని వద్దని పంచాయతీలోనే తీర్మానం చేసింది.

చెయ్యాల్సింది ఏంటంటే పెద్దకర్మకి మూడు నాలుగు రోజుల ముందే, జనం లేనప్పుడు, ఆవిడకి బాగా దగ్గరైన ఒక మనిషి, అక్కచెల్లెలో కూతురో, ఒంటరిగా కూర్చుని అడగాలి. "అక్కా నీకేం కావాలి, నీకిష్టం లేనిది ఏదీ జరగనివ్వం" అని. బొట్టు ఉంచుకుంటా అంటే ఇంట్లో ఇద్దరు ముగ్గురు గట్టి మనుషులకి ముందే చెప్పి ఉంచండి, పంతులుగారితో కూడా ముందే మాట్లాడండి, చాలామంది పంతుళ్ళు కర్మకీ దీనికీ సంబంధం లేదని ఒప్పుకుంటారు. ఆ రోజు అప్పటికప్పుడు వాదిస్తే పెద్దవాళ్ళ ముందు ఆవిడే తలొంచేస్తుంది. అలాగే ఆవిడే, నాకు అలవాటైన పద్ధతిలోనే జరగాలి అంటే అదీ ఆవిడ ఇష్టమే, మన అభ్యుదయం చూపించుకోవడానికి అది చోటు కాదు. తర్వాత ఇంట్లో పెళ్ళిళ్ళు పేరంటాలు వచ్చినప్పుడు ఆవిణ్ణి మొదట పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి, ఎదురు రావద్దని ఎవరైనా అంటే మీరే ఆవిణ్ణి ఎదురు రమ్మని పిలిచి బయల్దేరండి.

పిల్లలకి అబద్ధం చెప్పొద్దు

నాన్న ఊరెళ్ళాడు, దేవుడి దగ్గరికి వెళ్ళాడు వస్తాడు, నిద్రపోతున్నాడు ఇలా చెప్తే నాలుగైదేళ్ళ పిల్లలు నిజంగానే ఎదురు చూస్తారు, కొందరు నిద్రపోవడానికి భయపడతారు. నాన్న చనిపోయాడు కన్నా, ఒళ్ళు పూర్తిగా పనిచెయ్యడం మానేసింది, ఇంక తిరిగి రాడు, నీ తప్పేం లేదు, నిన్ను చూసుకోడానికి అమ్మ ఉంది మేమున్నాం అని చిన్న చిన్న మాటల్లో దగ్గరివాళ్ళే చెప్పాలి. అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతారు, మళ్ళీ మళ్ళీ అదే జవాబు చెప్పండి. మధ్యలో ఆడుకుంటారు, నవ్వుతారు, వీడికేం పట్టలేదు అనొద్దు, పిల్లల ఏడుపు అలాగే విడతలు విడతలుగా వస్తుంది. టెన్త్ ఇంటర్ చదివే అబ్బాయిని పట్టుకుని ఇక ఇంటికి నువ్వే పెద్దదిక్కురా అని భుజం తట్టడం ఆపెయ్యండి, వాడికి పదహారేళ్ళు, వాడికీ తండ్రి పోయాడు. స్కూలుకి వెళ్ళి క్లాస్ టీచర్‌కి చెప్పి రావడం, ఫీజు గడువు అడగడం, హోంవర్క్ ఏం పోయిందో కనుక్కోవడం ఇవి మీరు చెయ్యగలిగిన పనులు.

కర్మల ఖర్చు

ఎవరైనా ఒక నమ్మకమైన మనిషి మొదటి రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టాలి. ఎవరు ఎంతిచ్చారు, దేనికి ఎంతైంది, రూపాయితో సహా రాయాలి, రసీదులన్నీ అందులోనే పెట్టాలి, తర్వాత అన్నదమ్ముల మధ్య మాట రాకుండా ఉండేది దీనివల్లే. చిన్నదినం దగ్గర్నుంచి పెద్దకర్మ దాకా ఎంతమందికి భోజనాలు, ఏం వండాలి, ఫ్లెక్సీలు ఎన్ని అన్నది ఇంటివాళ్ళ జేబుని బట్టి ఉండాలి. ఊరందరికీ పెట్టకపోతే పరువు పోతుందని వడ్డీకి తెచ్చి మాంసం మందు పోయించి తర్వాత ఏళ్ళ తరబడి తీర్చుకుంటున్న కుటుంబాలు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. ఇంటివాళ్ళు తక్కువ చేస్తామని నోరు విప్పి చెప్పలేరు, కాబట్టి బాబాయో మేనమామో వయసులో పెద్ద అయినవాళ్ళు ఆ మాట తమ మీద వేసుకుని, ఇంతమందికే పెడదాం అని నేనే చెప్పా అని చెప్పుకోవాలి. మీరివ్వాలనుకున్న డబ్బు పదకొండో రోజు చదివింపుల్లో కాకుండా ఖర్చు నడిచే మొదటి మూడు రోజుల్లో చేతికిస్తే పది రెట్లు ఉపయోగం.

కాగితాలు

ఇక్కడ నిజంగా మనిషి కావాలి. పెద్దకర్మ అయ్యాక ఇంటికి చుట్టాలు తగ్గిపోతారు, అప్పుడు మొదలవుతుంది ఇది. ముందు డెత్ సర్టిఫికెట్. 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయిస్తే ఫీజు లేదు, దాటి 30 రోజుల్లోపు అయితే లేట్ ఫీజు, నెల దాటితే పై అధికారి అనుమతి, సంవత్సరం దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ దాకా వెళ్తుంది. హాస్పిటల్లో పోతే వాళ్ళే పంపుతారు, అయినా పంపారా లేదా అడగాలి. ఇంట్లో పోతే పల్లెలో పంచాయతీ సెక్రటరీకి, టౌన్లో మున్సిపాలిటీకి మనమే చెప్పాలి, శ్మశానంలో ఇచ్చిన రసీదు దాచండి. ఒరిజినల్ కాపీలు ఎక్కువ తీసుకోండి, ప్రతివాళ్ళూ ఒకటి అడుగుతారు. మీసేవలోనో సచివాలయంలోనో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి కూడా అప్పుడే పెట్టెయ్యండి.

ఆయన ఫోన్ నంబర్ ఆపెయ్యకండి. ఇది పెద్ద అక్షరాలతో గుర్తు పెట్టుకోండి, బ్యాంకు, పీఎఫ్, ఆధార్ అన్నిటి ఓటీపీలు దానికే వస్తాయి, కొన్ని నెలలు రీచార్జ్ చేస్తూ ఉండాలి. ఆవిడ ఆ ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది కొన్నాళ్ళు, వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్ ఉంటుంది, పెరుగు తెస్తున్నా ఇంకేమైనా కావాలా అని అంతే ఉంటుంది అందులో, అదే వందసార్లు వింటుంది. వాడకుండా వదిలేస్తే 120 రోజులకి వాట్సాప్ అకౌంట్ పోతుంది. పిల్లల్లో ఫోన్లు తెలిసినవాణ్ణి పిలిచి ఆ వాయిస్‌లు, ఫొటోలు రెండు మూడు చోట్ల సేవ్ చేయించండి, అడిగి చెయ్యండి, ఆవిడ ఎదురుగానే కూర్చుని చెయ్యండి.

ఏటీఎం కార్డు పిన్ తెలుసు కదా అని పోయిన మనిషి అకౌంట్లో డబ్బు తియ్యొద్దు, తర్వాత వారసుల మధ్య కేసులవుతాయి. బ్యాంకుకి వెళ్ళి క్లెయిమ్ ఫారం, డెత్ సర్టిఫికెట్, నామినీ ఆధార్ ఇస్తే, కాగితాలన్నీ సరిగ్గా ఉంటే 15 రోజుల్లో సెటిల్ చెయ్యాలని రిజర్వ్ బ్యాంక్ రూల్. బ్యాంకు డిపాజిట్లలో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే తప్ప ఒక్కరే సొంతదారు అని కాదు, మిగతా వారసులకీ వాటా ఉంటుంది, ఈ ముక్క తెలీక గొడవలు పడతారు. పాస్‌బుక్ ఎంట్రీలు వేయించి వెనక్కి తిరగేసి చూడండి, ఏటా మే నెలాఖర్లో 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే ఇంకో 2 లక్షలు. ఎంతోమందికి తమ ఇంట్లో ఈ బీమా ఉన్నట్టే తెలీదు. ఎల్ఐసీ ప్రీమియం, హోమ్ లోన్ మీద ఇన్సూరెన్స్, ఇవన్నీ ఆ ఎంట్రీల్లోనే దొరుకుతాయి.

ప్రైవేట్ ఉద్యోగం చేస్తూ పోతే పీఎఫ్ డబ్బుతో పాటు భార్యకి నెల పెన్షన్, ఈడీఎల్ఐ కింద 7 లక్షల దాకా బీమా ఉంటాయి, ఫారం 20, 10డి, 5ఐఎఫ్ మూడూ పెట్టాలి, ఆఫీసు హెచ్ఆర్‌తో మీరు మాట్లాడండి. తెలంగాణలో పట్టాదారు రైతు 18 నుంచి 59 ఏళ్ళ మధ్యలో పోతే రైతు బీమా 5 లక్షలు, వెంటనే వ్యవసాయ విస్తరణాధికారికి చెప్పాలి. సంపాదించే మనిషి పోయిన పేద కుటుంబానికి కేంద్రం స్కీమ్‌లో 20 వేలు ఉంది. వితంతు పెన్షన్‌కి అప్లికేషన్ పెట్టించండి.

ఇవన్నీ చదివి ఆవిడకి చెప్పి ఊరుకుంటే లాభం లేదు. "ఏమైనా కావాలంటే చెప్పు వదినా" అంటే ఆవిడ చెప్పదు, ఎవరూ చెప్పరు. "వదినా రేపు బ్యాంకుకి వెళ్దాం, పదింటికి నేను బండి తెస్తా, కాగితాలన్నీ నా దగ్గరున్నాయి, నువ్వు సంతకం పెడితే చాలు" అనాలి. ఆ తర్వాత ఇంటికి దింపేటప్పుడు ఏ కాగితం ఎక్కడిచ్చామో ఆవిడకే అర్థమయ్యేలా ఒక పుస్తకంలో రాసివ్వండి, లెక్క అంతా ఆవిడ చేతిలోనే ఉండాలి.

ఒక హెచ్చరిక. మొదటి నెలల్లో పొలం, ఇల్లు, బంగారం గురించి ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టనివ్వకండి. వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి స్వార్జితంలో భార్యకి, కొడుకులకి, కూతుళ్ళకి, బతికుంటే అతని తల్లికి తలా ఒక సమాన వాటా ఉంటుంది. పెద్దకర్మ రోజు అందరూ ఉన్నారు కదా పని అయిపోతుందని స్టాంప్ పేపర్లు తీసేవాళ్ళుంటారు. ఏడాది తిరిగాక చూద్దాం అని చెప్పడానికి ఆవిడ పక్కన ఒక మనిషి ఉండాలి. బాకీ ఉన్నాడని వచ్చేవాళ్ళని కూడా నోటు కాపీ ఇచ్చి వెళ్ళమనండి.

జనం వెళ్ళిపోయాక

నిద్ర చేసిన చుట్టాలు వెళ్ళాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. అప్పటి నుంచి మూడు నెలలు ముఖ్యం. వారంలో ఒక రోజు పెట్టుకోండి, ప్రతి గురువారం సాయంత్రం వెళ్తానంటే వెళ్ళాలి. ఊరికే కూర్చోవడం కాకుండా రైతుబజార్‌కి తీసుకెళ్ళండి, గుడికి తీసుకెళ్ళండి, ఆయన చేసే పనులేవో, కరెంట్ బిల్లు, మోటార్ రిపేరు, పిల్లాణ్ణి ట్యూషన్ నుంచి తేవడం, ఒకటి మీ మీద వేసుకోండి. ఆయన బట్టలు, చెప్పులు, కళ్ళజోడు తీసెయ్యాలన్న తొందర మీరు పడకండి, ఆవిడ అడిగిన రోజు సాయం పట్టండి.

నెలలు గడుస్తున్నా తిండి నిద్ర లేకపోయినా, ఇంట్లోంచి బయటికి రాకపోయినా, నేనూ పోతే బాగుండు అన్న మాట ఒక్కసారి వచ్చినా తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలొద్దు, సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి, 14416 టెలీ మానస్ నంబర్‌కి ఏ సమయంలో అయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. మగవాళ్ళ మీద ఇంకాస్త కన్నుండాలి, భార్య పోయిన మగాడు ఏడవడు, తాగుడు పెంచుతాడు లేదా మాట తగ్గిస్తాడు, అన్నం వండుకోవడం రాదని చెప్పుకోలేడు.

ఫోన్ క్యాలెండర్లో కొన్ని తేదీలు పెట్టుకోండి, నెల మాసికం, ఆయన పుట్టినరోజు, వాళ్ళ పెళ్ళిరోజు. మొదటి సంక్రాంతికి, తెలంగాణలో అయితే దసరాకి, ఆ ఇంట్లో పండగ ఉండదు కాబట్టి ముందు రోజే వెళ్ళి పలకరించి పిల్లలకి తినడానికి ఏమైనా ఇచ్చి రండి. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది కాబట్టి అది ఒక రోజు పడుతుంది, ఆయన పోయిన ఇంగ్లీషు తేదీ ఇంకో రోజు పడుతుంది. తద్దినం రోజు పంతులుగారు, వంటలు, జనం ఉంటారు. ఆ ఇంగ్లీషు తేదీ రోజే ఎవరికీ గుర్తుండదు, ఆ రోజు ఫోన్ చెయ్యండి.